బోల్టు కింద రంగు

నా భార్య పోయింది. ఉదయం చేతులు కడుక్కుని, డయాలసిస్ సంచి ఒళ్ళో పెట్టుకుని మంచం మీద కూర్చుంది. నేను పక్క గదిలో పేపరు చూస్తున్నాను. మాస్కు అందించమని పిలుస్తుందని ఒక చెవి అటే ఉంచాను. పిలవలేదు. వెళ్ళి చూస్తే గోడకు ఒరిగి ఉంది. గుండె ఆగిందన్నారు డాక్టరు. సంచి మూత ఇంకా తీయనే లేదు.

బుచ్చిరెడ్డిపాలెంలో ఆమెను పేరు పెట్టి పిలిచినవాళ్ళు తక్కువ. అందరికీ సిస్టరమ్మే. ప్రభుత్వ ఆసుపత్రిలో నర్సుగా చేరి, హెడ్ నర్సుగా రిటైరైంది. మా వీధి పిల్లల్లో చాలామందికి మొదటి స్నానం చేయించింది ఆమే. కబురు అందినవాళ్ళు అందినట్టే వచ్చారు. పనికి బయల్దేరినవాళ్ళు దారిలో ఆగి, చెప్పులు విప్పి, కాసేపు నిలబడి వెళ్ళారు. నాతో ఎక్కువ మాట్లాడలేదు. మా ఇంట్లో మాట్లాడే పని ఆమెది.

పెద్దకర్మ రోజు భోజనాలయ్యాక, మిగిలినవాళ్ళు షామియానా కింద కుర్చీలు దగ్గరకు లాక్కుని ఆమె గురించి చెప్పుకుంటున్నారు. ఆమెతో కలిసి పనిచేసిన ఒక నర్సు, "బండికి రంగేసి కరెంటు పోగొట్టిన కథ తెలుసునా మీకు?" అని మొదలుపెట్టింది. చాలామందికి తెలుసు. అయినా విన్నారు, నవ్వారు. "అంత జాగ్రత్త మనిషి ఎంత పని చేసింది చూడు" అన్నాడు ఒకాయన. నేను తల దించుకున్నాను. దుఃఖం అనుకుని ఎవరో భుజం మీద చెయ్యి వేశారు.

ఆ కథ నిజం కాదు. మన విశ్రాంత ఉద్యోగుల పత్రిక ఆ రోజు షామియానా కింద కూర్చున్నవాళ్ళ ఇళ్ళకు చాలావరకు వెళ్తుంది. అందుకే ఇక్కడ రాస్తున్నాను.

ముందు బండి సంగతి చెప్పాలి. రిటైరయ్యాక ఆమె కిడ్నీలు పనిచేయడం మానేశాయి. వారం వారం ఆసుపత్రికి వెళ్ళి యంత్రం పక్కన పడుకోవడం ఆమెకు ఇష్టం లేదు. "బతుకంతా ఆసుపత్రిలోనే ఉన్నా, చాలు" అంది. ఇంట్లోనే చేసుకునే పద్ధతి ఎంచుకుంది. పొట్టకు సన్నటి గొట్టం ఒకటి ఉంటుంది. సంచిలోని ద్రవాన్ని గోరువెచ్చగా చేసి ఆ గొట్టంలోంచి లోపలికి వదలాలి. కొన్ని గంటలు ఉంచి, బయటికి తీసేసి, కొత్తది ఎక్కించాలి. ఇలా పగలంతా మళ్ళీ మళ్ళీ. గదిలో దుమ్ము ఉండకూడదు. ఫ్యాను తిరగకూడదు. చేతులు శుభ్రంగా ఉండాలి. క్రిమి లోపలికి పోయిందంటే ప్రాణం మీదికి వస్తుంది. అందుకని పూట పూటకీ ఒక శుభ్రమైన గది కావాలి. అలాంటి మనిషికి ఊరు దాటడం కష్టం.

ఆమెకు సముద్రం కావాలి. పుట్టింది వాకాడు వైపు పల్లెలో. మా బుచ్చిలో చుట్టూ వరిచేలు, కాలవలు. "ఇక్కడ నీళ్ళన్నీ అణిగి ఉంటాయి" అనేది. ఒక రోజు, "మనం పోయే చోట గది దొరకదు. గదినే తీసుకుపోదాం" అంది. అలా పుట్టింది ఆ ఇంటి బండి. భార్య కోసం బండి కట్టించినాడని పెద్దకర్మ రోజు కొందరు నన్ను మెచ్చుకున్నారు. ఆలోచన ఆమెది. మంచం ఎటు వైపు ఉండాలో, సంచి తగిలించే కొక్కెం ఎంత ఎత్తులో ఉండాలో సుద్దముక్కతో గీసి చూపించింది ఆమే. నేను నడిపాను.

పాత టెంపో వ్యాను. ముందున్న బ్యాటరీ ఇంజనుకు. వెనకున్నది మాకు. పైకప్పు మీద సోలారు పలక. లోపల ఒక మంచం, తలుపు పక్కనే మెట్టు మీంచి అందేలా చిన్న సింకు, సంచి వెచ్చబెట్టే పెట్టె, మంచం మీద ఒక దీపం. స్విచ్ వేస్తే పంపు తిరిగి కుళాయిలో నీళ్ళొచ్చేవి. తలుపు మూస్తే అది గది. ఆమె దాన్ని "నా వార్డు" అనేది.

ఆ వార్డులో చట్టం ఒకటే. ఎవరు మెట్టు ఎక్కబోయినా, "చేతులు" అనేది. అంతే, ఒక్క మాట. ఎక్కేవాళ్ళు వెనక్కి దిగి కడుక్కుని రావాలి. తను కడుక్కునే తీరు చూడాలి. ముందు అరచేతులు, తర్వాత వేళ్ళ సందులు, బొటనవేళ్ళు విడిగా, చివరికి గోళ్ళను అరచేతిలో వేసి రుద్దేది. ఎక్కడా తొందర ఉండదు. ఆ కాసేపు ఆమెతో మాట్లాడినా జవాబు రాదు.

నేను సహకార శాఖలో ఆడిట్ చేసినవాణ్ణి. ఎక్కడ ఏం తేడా వచ్చినా అది ఎవరి వల్ల వచ్చిందో తేల్చి రాయడం నా ఉద్యోగం. రిటైరైనా ఆ అలవాటు పోలేదు. ఇంట్లో గ్లాసు పగిలినా, "ఎవరు?" అనే అడిగేవాణ్ణి. ఉండేది ఇద్దరమే. ఆమె, "మీరు కాకపోతే నేను, ఇంకెవురు" అనేది కాదు. చీపురు తెచ్చి, "యాడ పడింది? కాలు పెట్టబాకండి" అనేది. ఆమెది ఎప్పుడూ ఆ ప్రశ్నే. వార్డులో ఆపరేషన్ అయిన మనిషికి జ్వరం వస్తే కొత్త నర్సులు తలా ఒక కారణం చెప్పేవాళ్ళట. ఆమె, "చివరగా చెయ్యి పడింది యాడ? ముందు ఆడ చూడండి" అనేదట. వాళ్ళు ఇప్పటికీ ఆ మాట చెప్పుకుంటారు.

ఉప్పుగాలికి బండి అడుగున ఒక ఇనుప కడ్డీ తుప్పు తిని పోయింది. వెంకటాచలం దగ్గర హైవే పక్కన ఒక షెడ్డులో వెల్డింగు చేయించాం. ఆ మెకానిక్ వైర్ల పనీ చేస్తాడు, వెల్డింగూ చేస్తాడు. నోరు ఊరుకోదు. వెల్డింగుకు ముందు వెనక బ్యాటరీ ఎర్త్ వైరు విప్పాడు. అయ్యాక ఇనుము గీకి, మెరిసేలా చేసి, వైరు మళ్ళీ బోల్టుతో బిగించాడు. బ్యాటరీలోంచి పోయిన కరెంటు బండి ఇనుము గుండా తిరిగి ఆ బోల్టు దగ్గరకు వచ్చి బ్యాటరీకి చేరాలి. దారి అదొక్కటే.

ఇంటికి తెచ్చాక నేను కిందికి దూరి చూశాను. అంతా బాగుంది. బోల్టు చుట్టూ మాత్రం రంగు లేకుండా ఇనుము తెల్లగా కనబడుతోంది. నాకు అది పని సగంలో వదిలేసినట్టు అనిపించింది. తుప్పు పట్టకుండా పూసే ఎర్ర రంగు డబ్బా తెచ్చాను. అతుకు మీద పూశాను. చుట్టూ పూశాను. అంతటితో ఆగలేదు. బోల్టు విప్పి, వైరు చివరనున్న రింగు పక్కకు తీసి, దాని కింద కూడా పూశాను. ఆరేదాకా ఉండి మళ్ళీ బిగించాను.

ఆమె వసారాలో కూర్చుని చూస్తోంది. "ఆ బోల్టు కింద గూడా ఎందుకండీ?" అంది.

"ఉప్పుగాలి. అక్కడే మొదలవుతుంది తుప్పు."

నేను బీఎస్సీలో ఫిజిక్స్ చదివాను. రంగులోంచి కరెంటు పోదని నాకు తెలుసు. తెలిసిన సంగతి ఆ పూట చేతిదాకా రాలేదు. బండి ఎక్కి దీపం వేసి చూశాను. వెలిగింది. చాలనుకున్నాను.

తర్వాత సముద్రానికి వెళ్ళాం. వాకాడు దాటాక మేం ఎప్పుడూ ఆగే పల్లె ఒకటుంది. వలలు బాగుచేసుకునే షెడ్డు పక్కన బండి నిలుపుకోనిచ్చేవాళ్ళు. అక్కడ చేపలు ఎండబెట్టే ఒకామెకు మా బండి వచ్చిందంటే సరదా. దూరం నుంచే, "సిస్టరమ్మా, ఇల్లు మోసుకోని వచ్చినావా" అని అరిచేది.

ఆ రోజు ఎండ అప్పుడే ఎక్కుతోంది. సంచి ఎక్కించుకునే వేళయింది. ఆమె వెచ్చబెట్టే పెట్టె స్విచ్ వేసింది. మంచం మీద దీపం ఒక్కసారి ఎర్రబడి ఆరిపోయింది. పెట్టె ఆపేస్తే దీపం మళ్ళీ వెలిగింది. కుళాయి స్విచ్ వేసింది. పంపు ఒకసారి దగ్గినట్టు చప్పుడు చేసి ఆగింది. దీపం మళ్ళీ పోయింది.

నేను ఫ్యూజులు చూశాను. అన్నీ బాగున్నాయి. అంతకు మించి చూడలేదు. ఫోను తీశాను.

ఆ మెకానిక్‌తో నేను మాట్లాడిన మాటలు ఇక్కడ అన్నీ రాయలేను. పని రానివాడివి షెడ్డు ఎందుకు పెట్టావన్నాను. మనుషుల ప్రాణాలతో ఆడుకుంటున్నావన్నాను. వాళ్ళ నాన్నను తిట్టేదాకా వెళ్ళాను. ఉన్నపళాన బయల్దేరి రమ్మన్నాను. అవతల అతను, "సార్, నేను చెప్పేది…" అని మొదలుపెట్టిన ప్రతిసారీ గొంతు పెంచాను. వలలు కుడుతున్నవాళ్ళు చేతులు ఆపి నా వైపు చూశారు. నాకు అది బాగానే అనిపించింది. తప్పు ఎవరిదో నలుగురికీ తెలుస్తోంది కదా అనుకున్నాను.

ఆమె కిటికీ దగ్గరికి వచ్చింది. "ఎవురిదని తర్వాత. యాడుందో చూడండి ముందు" అంది. నేను చేత్తో ఆగమని సైగ చేశాను.

ఫోను పెట్టేసి తిరిగి చూసేసరికి ఆమె తన పని తను చూసుకుంటోంది. కవరు విప్పని సంచిని బండి ముందు అద్దం వెనక ఎండలో పెట్టింది. గంట దాటాక అది గోరువెచ్చనయింది. బండి మెట్టు మీద కూర్చుని చేతులు చాచింది. చేపలామె మా క్యానులోని నీళ్ళు చెంబుతో పోస్తోంది.

"ఇంకెంతసేపు తోమతావమ్మా? తోలు ఊడొస్తాది."

"పో మే. నువ్వు చేపలు తోమినంతసేపన్నా తోమనీ."

"నా చేపలు ఇంత తెల్లంగా ఉంటే కొనేదానికి ఎవురూ రారు."

ఇద్దరూ నవ్వారు. ఆ నీళ్ళు పోయాల్సింది నేను.

ఆమె లోపలికి వెళ్ళి తలుపు మూసుకుని సంచి తగిలించుకుంది. ముందున్న ద్రవం దిగి, కొత్తది ఎక్కేదాకా కదలకూడదు. మెకానిక్ వచ్చేసరికి ఇంకా మంచం మీదే ఉంది. అతను మోటారు సైకిల్ మీద అంత దూరం ఎండలో వచ్చాడు. మొహం బిగుసుకుపోయి ఉంది. నాకు నమస్కారం పెట్టలేదు. మీటరు తీసి బ్యాటరీ చూసి, బాగానే ఉందన్నాడు. కాసేపటికి బ్యాటరీ పోయిందన్నాడు. ఆ తర్వాత పంపు కాలిపోయి ఉంటుందన్నాడు. వైర్లన్నీ మార్చాలన్నాడు. నేను చేతులు కట్టుకుని నిలబడి, అతను ఒక మాట మీద నిలబడడం లేదని లోపల లెక్క వేసుకుంటున్నాను.

కిటికీలోంచి ఆమె గొంతు వినబడింది. "నాయనా, చిన్న దీపం ఎలుగుతుందా?"

"ఎలుగుతుందమ్మా."

"పంపు ఏస్తే?"

"ఆరిపోతుందమ్మా. అందుకే బ్యాటరీ…"

"ఉండు. పడుకున్నప్పుడు మనిషి బానే ఉండాడు. లేపి నిలబెడితే కళ్ళు తిరిగి పడిపోతుండాడు. అంటే రక్తం ఉండాది. పారేదానికి దారి ఇరుకుగా ఉండాది. అవునా?"

అతను మీటరు కింద పెట్టాడు. "అవునమ్మా."

"బ్యాటరీ మీద ఎవురన్నా చెయ్యేసినారా ఈ మధ్య?"

"లేదమ్మా."

"పంపు మీద?"

"లేదు."

"చివరగా చెయ్యి పడింది యాడ?"

అతను బండి అడుగు వైపు చూశాడు. "కిందమ్మా. వెల్డింగు కాడ."

"ఆడ చూడు పో."

ఆ మాట అంటున్నప్పుడే నాకు గుర్తొచ్చింది. రంగు డబ్బా, నేను విప్పిన బోల్టు, వసారాలోంచి ఆమె అడిగిన ప్రశ్న. ఆమెకు అంతకు ముందే గుర్తొచ్చి ఉండాలి. అతను బండి కిందికి దూరుతున్నాడు. చెప్పడానికి కావలసినంత సమయం ఉంది. అతను గోనెపట్టా పరుచుకున్నాడు, స్పానర్ వెతుక్కున్నాడు. వలల దగ్గరున్నవాళ్ళు లేచి వచ్చి చుట్టూ నిలబడ్డారు. నేను ఏమీ చెప్పలేదు.

"సార్, ఒకసారి ఇట్ట రండి." కింద నుంచి చెయ్యి చాచాడు. బొటనవేలి గోరు మీద ఎర్రటి పొడి. "ఎవురు సార్ దీని కింద రంగేసింది? మా షెడ్డులో ఎర్ర రంగే లేదు."

నేను నోరు తెరిచాను. కిటికీలోంచి, "నేనే నాయనా" అని వినబడింది.

అందరూ కిటికీ వైపు చూశారు.

"ఉప్పుగాలికి తుప్పు పడుతుందని నేనే పూసినా. తెలీలా. ఊరికే నిన్ను ఎండలో అంత దూరం తిప్పినాం, అనరాని మాటలు అన్నాం. మనసులో పెట్టుకోబాక."

అతను బండి కింద నుంచి బయటికి వచ్చి కూర్చున్నాడు. అప్పటిదాకా బిగుసుకున్న మొహం వదులైంది. నవ్వాడు. "అమ్మా, మీరు సూదులే పొడవండమ్మా. బ్రష్షు మాకు ఇడిచిపెట్టండి."

"ఇడిచిపెట్టినా పో."

చుట్టూ ఉన్నవాళ్ళూ నవ్వారు. బోల్టు మర గుండా పారిన కాస్త కరెంటు చిన్న దీపానికే చాలిందట. అతను గరుకు కాగితంతో రంగంతా గీకి, ఇనుము మళ్ళీ తెల్లగా చేశాడు. వైరు బిగించి, పైన వాజలిన్ పూశాడు. దీపం నిండుగా వెలిగింది. పంపు తిరిగింది. ఆమె తలుపు తీసి, "చేతులు కడుక్కోని రా, అన్నం తిందువు గాని" అని అతన్ని పిలిచింది. నేను సముద్రం చూడ్డానికి వెళ్ళినట్టు వెళ్ళాను.

అతను వెళ్ళిపోయాక అడిగాను, అలా ఎందుకు చెప్పావని.

ఆమె పళ్ళాలు తుడుస్తోంది. "మీరు వాడికి సారీ చెప్తారా?"

నేను తడి పళ్ళెం ఒకటి ఆమెకు అందించాను.

"చెప్పరు. పూసింది నేనయితే నేను చెప్పొచ్చు గదా. ఎవురో ఒకరు చెప్పాల వాడికి."

నన్ను కాపాడడానికి ఆ మాట చెప్పిందని అప్పటిదాకా అనుకున్నాను. కాదు. ఆ అబ్బాయికి ఒక క్షమాపణ బాకీ ఉంది. అది నా చేతుల మీదుగా వెళ్ళదని ఆమెకు తెలుసు. తప్పు తన మీద వేసుకుంటే తప్ప దాన్ని ఇచ్చే వీలు లేదు.

ఇంటికి వచ్చాక ఆమె ఆ కథను అందరికీ చెప్పింది. తనదిగానే చెప్పింది. మెకానిక్ గొంతు పెట్టి, చేపలామె గొంతు పెట్టి, "బ్రష్షు మాకు ఇడిచిపెట్టండి" దగ్గర ఆగి, నవ్వనిచ్చి, మళ్ళీ మొదలుపెట్టేది. నేను ఫోనులో మాట్లాడింది మాత్రం కథలో ఎప్పుడూ రానివ్వలేదు. నేను పక్కనే కూర్చుని వినేవాణ్ణి. మొదట్లో ఇబ్బందిగా ఉండేది. తర్వాత అలవాటైంది. కొన్నాళ్ళకు అది నిజంగా ఆమె చేసిన పనేననిపించేంత తేలికైంది.

ఆమె చెల్లెలు, మా మరదలి ఇంట్లో ఒక ఆదివారం పదిమంది ఉన్నప్పుడు మళ్ళీ చెప్పింది. చెప్పడం అయ్యాక నేను, "చెప్తే వినే రకం కాదు లెండి. నేను వద్దంటూనే ఉన్నా" అన్నాను.

ఎందుకు అన్నానో నాకు తెలియదు. నవ్వులో కలవాలనిపించింది. అందరూ ఇంకా గట్టిగా నవ్వారు. ఆమె నా వైపు చూసింది. కోపం లేదు. అవునన్నట్టు తల ఊపి, గ్లాసులు తీసుకుని వంటింట్లోకి వెళ్ళింది.

ఆ తర్వాత ఆ కథ ఆమె చెప్పగా నేను వినలేదు. కొన్ని నెలలకు పోయింది.

పెద్దకర్మ సాయంత్రం షామియానా విప్పేస్తున్నారు. మా మరదలు తన అక్క చీరలు మడతపెడుతోంది. ఆమె దగ్గర కూర్చుని, రంగు పూసింది మీ అక్క కాదు, నేను, అని చెప్పాను. ఇంత కష్టమైన మాట నా జీవితంలో చెప్పలేదు.

ఆమె మడత ఆపలేదు. "తెలుసులే బావా" అంది.

"అక్క చెప్పిందా?"

"అక్క యాడ చెప్తుంది? అక్క చేతులు చూసినోళ్ళకి ఒకరు చెప్పాల్నా? గోళ్ళ సందున మట్టి ఉంటే కనబడదని ఆషాఢంలో గోరింటాకు గూడా మానుకునింది. ఆ మనిషి ఎర్ర రంగు డబ్బాలో చెయ్యి పెడుతుందా?"

"మరి అందరూ నవ్వారే."

"అక్క చెప్తా ఉంటే నవ్వకుండా ఎట్లుండేది? బో బాగా చెప్పేది." చీర పక్కన పెట్టి నన్ను చూసింది. "ఆ రోజు మా ఇంట్లో నువ్వొక మాట అన్నావు చూడు బావా, వద్దంటూనే ఉన్నానని. అప్పుడు నాకు నవ్వు రాలా."

నేను లేవబోయాను.

"ఇంకొకటి. అక్క ఆ కథ చెప్పేటప్పుడల్లా ఆఖర్లో నీ మొహం వైపు చూసేది. గమనించినావా?"

"ఎందుకు?"

"నాకేం తెలుసు? నేను అడగలా." మళ్ళీ చీర అందుకుంది.

దానికి నాకు తోచిన అర్థం ఒకటి ఉంది. అది ఇక్కడ రాయను. చదివేవాళ్ళకూ తోచే ఉంటుంది.

కిందటి వారం బండి తీసుకుని వెంకటాచలం వెళ్ళాను. మెకానిక్ ఏదో లారీ కింద ఉన్నాడు. బయటికి వచ్చేదాకా నిలబడ్డాను. అమ్మ పోయిందని అతనికి తెలియదు. విని, చేతిలో స్పానర్ కింద పెట్టి, అలాగే కూర్చుండిపోయాడు. కాసేపయ్యాక రంగు సంగతి చెప్పాను. పూసింది నేను, అమ్మ కాదు, అన్నాను.

అతను గుడ్డతో చేతులు తుడుచుకుంటున్నవాడు ఆగాడు. "మరి ఆ రోజు ఫోన్లో తిట్టింది గూడా అమ్మేనా సార్?"

"కాదు. అదీ నేనే. తప్పు చేశాను. మీ నాన్నగారిని కూడా అన్నాను. క్షమించు."

అతను మళ్ళీ గుడ్డ అందుకుని ఒక్కో వేలూ తుడుచుకున్నాడు. చివరికి, "సారీ అమ్మ ఆ రోజే చెప్పేసింది లెండి సార్" అన్నాడు. క్షమించాడో లేదో నాకు తెలియలేదు. అడగలేదు. టీ తెప్పించాడు. ఇద్దరం తాగాం.

అక్కడి నుంచి అదే దారిన సముద్రం దగ్గరికి వెళ్ళాను. వలల షెడ్డు పక్కనే బండి నిలిపాను. చేపలామె వచ్చి కిటికీలోంచి లోపలికి చూసి, మంచం చూసి, ఏమీ అడగకుండా కొంగు నోటికి అడ్డం పెట్టుకుని వెళ్ళిపోయింది.

బండి కిందికి వంగి చూశాను. చుట్టూ నేను పూసిన ఎర్ర రంగు. మధ్యలో బోల్టు చుట్టూ అతను గీకిన చోటు, రూపాయి బిళ్ళంత, వాజలిన్ కింద ఇంకా తెల్లగా ఉంది. తుప్పు పట్టలేదు.

మెట్టు ఎక్కబోయి ఆగాను. ఆ ఒక్క మాట అనడానికి లోపల ఎవరూ లేరు. సింకు వరకు చెయ్యి చాచి స్విచ్ వేశాను. పంపు తిరిగింది, కుళాయిలో నీళ్ళొచ్చాయి. సబ్బు ఆమె వాడి వదిలేసిందే, ఒక వైపు అరిగి ఉంది. అరచేతులు, వేళ్ళ సందులు, బొటనవేళ్ళు విడిగా, చివరికి గోళ్ళు. ముట్టుకోవాల్సింది ఏమీ లేదు. అయినా తొందరపడకుండా కడిగాను. నీళ్ళు బండి కింద ఇసుకలోకి దిగుతున్నాయి. మంచం మీద దీపం వెలుగుతోంది. పంపు తిరుగుతున్నంతసేపూ అది రవ్వంత కూడా తగ్గలేదు.